లేక్ వ్యూ

తిరుపతికి వచ్చేవాళ్ళెవరూ నీళ్ళు చూడ్డానికి రారు. కొండెక్కుతారు, దర్శనం చేసుకుంటారు, లడ్డూలు కట్టించుకుని దిగుతారు. రైలుకి ఇంకా అయిదారు గంటలు టైముంటే నాలాంటి లోకల్‌కి ఫోన్ చేస్తారు. "ఇంకేం చూడొచ్చు మీ ఊళ్ళో?" నా దగ్గర ఒక జాబితా రెడీగా ఉంటుంది: జూ పార్కు, కపిలతీర్థం, అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్, ఓపికుంటే చంద్రగిరి కోట. అంతా విన్నాక హైదరాబాద్ స్నేహితులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "లేక్ లాంటిదేం లేదా?"

అడగడంలో తప్పేం లేదు. సాయంత్రమయ్యేసరికి నీళ్ళ పక్కన కూర్చోవాలనిపించడం నగరాల అలవాటు. హైదరాబాద్‌కి ట్యాంక్‌బండ్ ఉంది, నెక్లెస్ రోడ్డు ఉంది, 2020 నుంచి దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి కూడా ఉంది. విశాఖకి బీచ్ రోడ్డు. బెజవాడకి కృష్ణ మధ్యలో భవానీ ద్వీపం. మరి తిరుపతికి? "లేక్ లేదు గానీ చెరువులున్నాయి" అంటాను. "రెండూ ఒకటే కదా!" అంటారు.

ఒకటేనా అన్న ప్రశ్న 2023 మార్చిలో మా ఇంట్లో లక్షల రూపాయల ప్రశ్న అయి కూర్చుంది.

*

మా నాయన రిటైరయ్యాక ఊరికి దక్షిణం వైపు ఒక లేఅవుట్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. ముందు వరండా, వెనక రెండు కొబ్బరి చెట్లు, మేడ మీద నిలబడితే శేషాచలం కొండలు. 2021 నవంబర్ 18 రాత్రి ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ఆ రోజులు తిరుపతి వాళ్ళందరికీ గుర్తే. అలిపిరి మెట్ల మీద వరద దూకుతున్న వీడియోలు దేశమంతా చూసింది. కార్తీక పౌర్ణమికి కపిలతీర్థంలో స్నానాలు చేయాల్సిన జనం, ఆ జలపాతం గుడి ఆవరణలోకి విరుచుకుపడటం టీవీల్లో చూశారు. శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు ఉంగరాలతో కట్టిన భూగర్భ సంపు శుభ్రం చేస్తుండగానే నేల చీల్చుకుని మనిషెత్తు దాటి పైకి లేచింది. ఊరంతా వింతగా వెళ్ళి చూసొచ్చారు. నిజానికి వింతేం లేదు. చుట్టూ నేల నీళ్ళతో నానిపోయి ఉంది, సంపు ఖాళీగా ఉంది, ఖాళీ బిందె తేలినట్టు తేలింది. కాకపోతే మనం నిలబడ్డ నేల లోపల కూడా చెరువుందని అంత స్పష్టంగా చెప్పిన సాక్ష్యం ఇంకోటి లేదు.

మా అమ్మా నాయనా ఆ రాత్రి మేడ మీద గడిపారు. నీళ్ళు తగ్గాక బురద ఎత్తిపోయడానికి వారం పట్టింది. బెంగళూరులో ఉండే మా అక్క అప్పట్నుంచీ ఒకటే మాట: ఆ ఇల్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చేయండి. ఏడాది పైన బతిమాలాక మా అమ్మ మెత్తబడింది, అమ్మ మెత్తబడ్డాక నాయన ఊ అన్నాడు. బ్రోకర్ వచ్చి ఫోటోలు తీసుకెళ్ళాడు. ఇంటి గురించి అతను వాట్సాప్‌లో పెట్టిన ప్రకటనలో మొదటి లైను: "లేక్ పార్కుకు అయిదు నిమిషాలు. కూల్ లొకాలిటీ. భవిష్యత్తులో లేక్ వ్యూ."

అది అవిలాల చెరువు గురించి. కొన్నేళ్ళ కింద దాన్ని పెద్ద పార్కుగా మార్చే పనులు మొదలై మధ్యలో నిలబడిపోయాయి. నిలబడిపోయినా ఆ పేరుకి రేటుంది.

మార్చి నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఇల్లు చూడ్డానికి ఒక జంట వస్తామన్నారు. వేరే జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు, తిరుపతికి కొత్త. నేను శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి బయల్దేరి వచ్చాను. అక్క రాలేక తొమ్మిదేళ్ళ కొడుకుని పంపింది, దాంతోపాటు ఫోన్లో ఒక సలహా కూడా: "ఆ వానల సంగతి వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప ఎత్తొద్దని నాయనకి చెప్పవే."

నాయనకి చెప్పాను. ఆయన పేపర్ మడత పెట్టి, "రేపు పిల్లోణ్ణి జూకి పిల్చకపోదాం" అన్నాడు.

*

మా జూ పార్కు 1987లో మొదలైంది. శేషాచలం కొండల పాదాల దగ్గర అయిదున్నర వేల ఎకరాలు. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు అని గుర్తుచేసుకుంటే ఈ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది. విస్తీర్ణంలో ఆసియాలోనే పెద్ద జూలలో ఒకటి అని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అందులో చాలా భాగం అడవే. నడిచి చూద్దామంటే మధ్యాహ్నానికి కాళ్ళు పడిపోతాయి. మావాడికి సింహాల సఫారీ కావాలి. సఫారీ బండిలో వాడు సింహాల కోసం, నేను వాడి మొహం కోసం, నాయన కిటికీలోంచి నేల కోసం చూస్తున్నాం.

ఒక కల్వర్టు మీద బండి నెమ్మదించింది. కింద ఎండిపోయిన వంక. తెల్లటి ఇసక, గుండ్రటి రాళ్ళు, అంచున కొట్టుకొచ్చి ఆగిన ఎండు కొమ్మలు.

"ఏం కనపడతా ఉండాది రా?" అన్నాడు నాయన.

"ఏం లేదు తాతా. రాళ్ళు."

"ఆ రాళ్ళు గుండ్రంగా ఎందుకుండాయి?"

వాడు కాసేపు ఆలోచించి, "నీళ్ళలో దొర్లి" అన్నాడు. సైన్స్ పుస్తకంలో ఉందట.

"మరి నీళ్ళేవి?"

దానికి పుస్తకంలో జవాబు లేదు. మధ్యాహ్నం కపిలతీర్థం దగ్గర కూడా అదే కథ. వైష్ణవులు ఆళ్వార్ తీర్థమనే ఆ చోట, వానాకాలంలో కొండ అంచు నుంచి తిన్నగా పుష్కరిణిలోకి దూకే ధార, మార్చిలో బండ మీద తడి చారికలాగా ఉంది. కోనేటి మెట్ల మీద మావాడు చేపలకి బొరుగులు వేస్తుంటే నాయన చెప్పుకొచ్చాడు. ఈ కొండల మీద పడ్డ వాన రెండే పనులు చేస్తుంది: నేలలోకి ఇంకుతుంది, లేదా కిందికి దిగుతుంది. దిగిన నీళ్ళకి మనవాళ్ళు మెట్టుకొకటి లెక్కన చెరువులు కట్టారు. పై చెరువు నిండి మొరవ పోతే కింది చెరువుకి, అది నిండితే ఇంకో చెరువుకి, చివరికి స్వర్ణముఖికి. అలుగు, కలుజు అని పుస్తకాల్లో చదివినదాన్ని మా వైపు మొరవ అంటారు. చెరువు మొరవ పోయిన రోజు పల్లెల్లో పండగ. పొంగళ్ళు పెట్టేవాళ్ళు, గంగమ్మకి యాటను కొట్టేవాళ్ళు.

"ఇప్పుడు మొరవ పోయినా నీళ్ళకి దోవ లేదు. అందుకని మనింట్లోకొచ్చినాయి. వాటి ఇంట్లో మనముండాం, అంతే" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. రైల్లో ఒకరి బెర్త్ మీద ఇంకొకరు కూర్చున్న సంగతి చెప్పినట్టుంది.

*

ఇంటికి వస్తూ ఆటోలో మావాడికి ఒక ఆట నేర్పించాను. తిరుపతిలో నీళ్ళ పేర్లు వెతకడం. తాతయ్యగుంట, అక్కడి గంగమ్మ జాతర చూడ్డానికి ప్రతి మే నెలలో వేషాలతో ఊరంతా కదులుతుంది. కొర్లగుంట. గొల్లవానిగుంట. మల్లయ్యగుంట కట్ట. ఊరి చివరికి వెళ్తే తుమ్మలగుంట. అన్నిటికంటే నాకిష్టమైన పేరు కొరమేనుగుంట. ఒకప్పుడు ఆ గుంటలో ఏ చేప దొరికేదో పేరే చెప్పేస్తుంది. ఈ పేర్లలో చాలావాటి దగ్గర ఇవాళ ఆటో దిగితే కనిపించేది వీధులు, ట్యూషన్ సెంటర్లు, బ్యూటీ పార్లర్లు. అడ్రసుల్లో గుంటలున్నాయి, నేల మీద లేవు. యాత్రికుల ఊరు కదా, వచ్చేవాళ్ళకి చోటివ్వడం కోసం తనలోని ఒక్కొక్క గుంటనీ పూడ్చుకుంటూ వచ్చింది. ఎవరినీ ఒక్కరినే అనడానికి లేదు. మా లేఅవుట్ కూడా వరిమడేనని నాయనకి రిజిస్ట్రేషన్ నాడే తెలుసు.

*

ఆదివారం పొద్దున్నే అవిలాల చెరువుకి వెళ్ళాం.

ఎండ ఇంకా ఎక్కలేదు. కట్ట మీద వాకింగ్ చేసేవాళ్ళు అప్పటికే నాలుగు రౌండ్లు కొట్టేశారు. స్పోర్ట్స్ షూస్, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతుల ఊపు. సగంలో ఆగిన పనుల ఆనవాళ్ళు, వాటి సందుల్లోంచి పెరిగిన కంపచెట్లు. లోపల అక్కడక్కడా మిగిలిన నీళ్ళు, నాలుగు బర్రెలు, వాటి వీపుల మీద కొంగలు. అందంగా లేదని అనలేను. కొండల నీలం కింద ఆ పచ్చిక, ఆ కొంగలు. ఫోటో తీసి హైదరాబాద్ గ్రూపులో పెడితే, "అరె, లేక్ ఉందిగా!" అని వెంటనే నాలుగు మెసేజ్‌లు.

ఈ చెరువుకి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన చరిత్ర ఉంది. 1991లో పేరూరు చెరువు లోపలి 150 ఎకరాలు దేవస్థానానికి, 1994లో అవిలాల చెరువు లోపలి 90 ఎకరాలు హౌసింగ్ బోర్డుకి, ఇళ్ళ కోసం ఇస్తూ ప్రభుత్వం జీవోలు తీసింది. తిరుపతి వాళ్ళే కొందరు ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ తరఫున దాని మీద కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడిపోయారు. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాళ్ళ మాట విన్నది. చెరువుల్లాంటి వనరులకి ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అన్న సూత్రం మీద ఆ తీర్పు నిలబడింది. కొత్త నిర్మాణాలు వద్దంది, కట్టిన ఇళ్ళు వాన నీటిని పట్టి నేలలోకి ఇంకించాలంది. దేశంలో ఎక్కడ చెరువు కేసు నడిచినా లాయర్లు ఈ తిరుపతి తీర్పుని ఎత్తుతారు. లా చదివిన నా స్నేహితురాలికి అవిలాల పేరు తెలుసు, ఎక్కడుందో తెలీదు. మా వీధిలో వాళ్ళకి ఎక్కడుందో తెలుసు, తీర్పు సంగతి తెలీదు.

చెరువుని ఇళ్ళ నుంచి కాపాడటం ఒక పని, పార్కు నుంచి కాపాడటం ఇంకో పని. రెండోది కష్టం. ఇల్లు వద్దంటే మనకి ఎవరైనా మద్దతిస్తారు. పార్కు వద్దంటే పిచ్చివాళ్ళ కింద జమకడతారు. నాకు పార్కులంటే ఇష్టం. ఇరుకు ఊళ్ళో ఆడవాళ్ళు భయం లేకుండా నడవడానికి, ముసలివాళ్ళు కూర్చోవడానికి, పిల్లలు అరవడానికి చోటు కావాలి. కానీ పార్కుకి ఏడాది పొడుగునా ఒకే మట్టంలో నిలిచే నీళ్ళు కావాలి, బెంచీల దాకా రాకూడదు. చెరువు బతకాలంటే వేసవిలో అడుగంటాలి, వానల్లో ఒళ్ళు విరుచుకుని పక్కలకి పాకాలి. ఒక మనిషిని ఏడాదంతా ఊపిరి బిగపట్టి నవ్వుతూ నిలబడమంటే ఎట్లా?

మన చెరువుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు పోరుమామిళ్ళ శాసనం గుర్తొస్తుంది. కడప జిల్లాలో, 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు తవ్వించి వేయించిన సంస్కృత శాసనం. వెయ్యి మంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని అని లెక్క కూడా ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో వరసగా చెప్పారు. కట్ట కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నీళ్ళు తక్కువై నేల ఎక్కువవడం, నేల తక్కువై నీళ్ళు ఎక్కువవడం. ఆరో దోషం, చెరువు మధ్యలో తాబేలు వీపులాగా ఎత్తుగా దిబ్బ ఉండటం. దిబ్బ ఎంత చోటు తింటే అంత నీళ్ళు తగ్గుతాయి కాబట్టి. ఇప్పుడు ఏ ఊరి లేక్ పార్కు డిజైన్ చూసినా మధ్యలో ఒక ఐలాండు గీసి, దానికి బోటు షికారు కలిపి ఉంటుంది. 1369లో దోషం, ఇప్పుడు టికెట్ పెట్టి చూపించే ఆకర్షణ.

ఈ సంగతి చెప్తే నాయన నవ్వాడు. ఆయనకి చెరువంటే కట్టమంచి. చిత్తూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో సాయంత్రాలు ఆ కట్ట మీదే నడిచేవాడు. 1880లో ఆ కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయినాయన, ఇరవై ఏళ్ళు కూడా నిండకముందే రాసిన కావ్యం 'ముసలమ్మ మరణము'. అదీ చెరువు కథే. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ఆ ఊరి బసిరెడ్డి చిన్న కోడలు గండిలో ప్రాణమిచ్చింది. మా తరానికి ఈ కథ చదివితే ఒళ్ళు మండుతుంది. కట్ట బాగు చేయాల్సినవాళ్ళందరూ ఉండగా బలికి కోడలే దొరికిందా అని. నాయన దాన్ని ఇంకోలా చదువుకున్నాడు.

"చెరువు తెగితే ఎవురో ఒకరు కట్టాల. ఎవురనేదే లెక్క. 2021లో రాయలచెరువు కట్టకి నీళ్ళు కారతాండాయని కింది పల్లెలన్నీ ఖాళీ చేయించినారు. తెగలేదు, ఇసక మూటలేసి నిలబెట్టినారు. తెగింటే కట్టేది వాళ్ళు." కాసేపాగి, "మన ఇంటిది కూడా అంతే. మనం చెప్పకుండా అమ్మితే వచ్చినోళ్ళు కడతారు" అన్నాడు.

"అక్క అంటున్నది కూడా తప్పు కాదు కదా నాయనా. బ్యాంకులో మీకు మిగిలేది ఇదొక్కటే."

"తప్పని యాడ అన్నా? ఆయమ్మకి మా గురించే బాధ." కంప మీద వాలిన పిట్టని మావాడికి చూపిస్తూ అన్నాడు. "ఆ పిల్లకి కూడా చిన్న బిడ్డ ఉందంట పాపా. బ్రోకర్ చెప్పినాడు."

*

సాయంత్రం అయిదుకి వచ్చారు. ముప్పై దాటిన జంట, చంకలో ఏడాది పాప. మా అమ్మ కాఫీ ఇచ్చింది. వాళ్ళకి ఇల్లు నచ్చిందని వరండాలోనే తెలిసిపోయింది. ఆమె గోడలు తాకుతూ నడుస్తోంది. మేడ ఎక్కి కొండలు చూసి, "పొద్దున లేస్తే ఇదే కనిపిస్తుందా!" అంది. బ్రోకర్ చెరువు వైపు చెయ్యి చూపించి పార్కు గురించి మొదలుపెట్టాడు.

అమ్మే ముందు ఇంటికి రంగులు వేయించారు, వంటింటి గుమ్మానికి తప్ప. ఆ గుమ్మం మీద మనవడి ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి, పక్కన తేదీలు. మూడో ఏడు, నాలుగో ఏడు, కరోనా సెలవులు. వాటికి కొంచెం కింద, ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంకో అడ్డగీత. ఆమె వంగి తేదీ చదివింది.

"ఈ ఎర్ర గీత కూడా బాబుదేనా అండీ?"

బ్రోకర్ నా వైపు చూశాడు. నేను నాయన వైపు చూశాను.

"లేదమ్మా. అది నీళ్ళది" అన్నాడు నాయన.

తర్వాత అరగంట ఆయన మాట్లాడాడు. నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి, ఎన్ని గంటలకి, ఎంతసేపున్నాయి. సంపు మూత మీద బరువు ఎందుకు పెట్టాలి. కరెంటు మీటర్ ఎందుకు పైకి మార్పించాడు. ఏ నెలలో ఏ వంక చూసుకోవాలి. అతను ఫోన్లో నోట్ చేసుకున్నాడు. ఆమె పాపని రెండో భుజానికి మార్చుకుని, ఆ గీత దగ్గర నిలబడి తన నడుముతో కొలుచుకుంది. బ్రోకర్ బయటికెళ్ళి సిగరెట్ వెలిగించాడు.

రాత్రి అక్క ఫోన్ చేసి అరిచింది. ఎంతో కొంత నా మీద కూడా. నాయన ఫోన్ తీసుకుని చాలాసేపు గమ్మున విన్నాడు. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు మునిగినప్పుడు, సర్జాపుర రోడ్డు పక్క అక్క వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి వెళ్ళారు. ఆ అపార్ట్‌మెంట్ పేరులో కూడా 'లేక్' ఉంది. నాయన ఆ సంగతి ఎత్తలేదు. "సరేమ్మా. తగ్గితే తగ్గనీ" అని పెట్టేశాడు.

పది రోజులకి ఆ జంట మళ్ళీ ఫోన్ చేశారు. కొంటామన్నారు, ఆరు లక్షలు తగ్గించమన్నారు. జాకీలు పెట్టి ఇంటిని మూడడుగులు పైకి లేపేవాళ్ళున్నారట. కనుక్కుంటే దాదాపు అంతే అవుతుందన్నారట. అమ్మకి అది న్యాయంగానే తోచింది. అక్క కూడా లెక్కలేసుకుని, ఇక గొడవ పడలేక, సరే అంది.

నాయన ఒప్పుకున్నాడు. అడ్వాన్సు తీసుకున్న రోజు నేను ఫోన్ చేస్తే ఆయన గొంతులో సంతోషం లేదు, అలాగని బాధా లేదు. పక్కింటి ఆయన్ని పిలిచి విషయం చెప్పొచ్చాడట.

"ఆయనకి చెప్పడమెందుకు?"

"వీళ్ళు మూడడుగులు లేస్తే ఈ నీళ్ళు యాడికి పోవాల పాపా? ఆయనింట్లోకే కదా. ముందే చెప్తే ఆయన చూసుకుంటాడు" అన్నాడు. "ఆయన కూడా లేపితే, ఆ పక్కాయనకి ఆయన చెప్పాల."